లేడి కింద హంస

నవంబరు 3
రాజుగారికి మళ్ళీ పెళ్ళి. అంటే కుట్టుపని గదిలో మాకు మళ్ళీ చాకిరీ. రాణి కుర్చీ మఖమల్ మీద పాత రాణి గుర్తు హంస ఉంది. కొత్తావిడది లేడి. పెళ్ళి ఎనిమిదిన. హంస ఆనవాలు కూడా కనబడకూడదట.

ఆ హంస రాణిని రాజుగారు ఆర్నెల్లకే వదిలేసి, ఇకమీదట నువ్వు నాకు చెల్లెలివి అన్నారు. చెల్లెలట! పొట్ట పట్టుకుని నవ్వాం.

నవంబరు 5
టైము లేదు. హంసని విప్పకుండా దాని మీదే లేడిని కుట్టేశాను. అదీ వదులుగా. మరేం చెయ్యను? హంసకి ముందు రాణిది నెమలి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని గట్టిగా కుట్టాను. రాజుగారు ఆవిడ తల తీయించాక విప్పబోతే ఊడితేనా! చివరికి కత్తెరతో కోశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇక ఏ రాణికీ గట్టి కుట్టు వెయ్యనని ఆరోజే ఒట్టు పెట్టుకున్నా.

నవంబరు 6
కొత్త రాణి వచ్చి చూసింది. ఇరవై ఏళ్ళు లేవు. మనవరాళ్ళు కూర్చున్నా ఊడకూడదే అంది. ఊడదమ్మగారూ అన్నాను. ఆవిడ వెళ్ళగానే మా కుట్టుపని గది పెద్ద ఆగ్నెస్ అత్త నన్ను గిల్లింది. లేడి ఊడితే నీ తలా ఊడుతుందే థామసిన్, మొద్దు మొహమా అని.

నవంబరు 8
పెళ్ళయింది. లేడి ఉంది.

జనవరి 1, మధ్యాహ్నం


కొత్త సంవత్సరం విందుకి హంస రాణి వచ్చింది. ఎవరి బట్టలైనా చిరిగితే కుట్టడానికి అత్తనీ నన్నూ గోడ పక్కన నిలబెట్టారు. రాజుగారికి రెండు వేటకుక్కపిల్లల్ని తెచ్చింది. ఆయన కొత్త పెళ్ళాం ఇచ్చిన ఉంగరాన్ని బల్ల మీదే వదిలేసి, కుక్కలతో తోటలోకి పరిగెత్తారు. కొత్త రాణికి మండిపోయింది. కుర్చీలోంచి విసురుగా లేచింది. చేతి కడియం ముత్యం లేడి దారానికి తగులుకుంది. అంతే! లేడి మొత్తం ఊడొచ్చింది. కింద హంస!

ఎవరే కుట్టింది అని అరిచింది. మోకాళ్ళ మీద పడ్డాను. నా పని అయిపోయిందనుకున్నాను.

హంస రాణి పకపకా నవ్వింది. వచ్చి హంసని ఒక్క లాగు లాగింది. అదీ చేతిలోకొచ్చేసింది. చూశావా చెల్లీ, నన్నూ వదులుగానే కుట్టింది మహాతల్లి, అందుకే తలతో సహా ఊడొచ్చాను అంది. గట్టిగా కుట్టిన నెమలిని ఎలా తీశారో ఆగ్నెస్‌ని అడుగు అంది.

అత్త వేళ్ళని కత్తెరలా ఆడించి చూపించింది.

కొత్త రాణి మెడ తడుముకుంది. తర్వాత ఫక్కున నవ్వింది. ఇద్దరూ చేతులు పట్టుకుని డాన్సుకి వెళ్ళారు. నన్ను అందరూ మర్చిపోయారు. బతికానురా దేవుడా!

జనవరి 2
కొత్త రాణి కబురు పంపింది. లేడిని మళ్ళీ కుట్టాలట.

వదులుగా.