అత్తయ్య మోకాలి మాత్రలు

కోడలు పిల్లకి అత్తయ్య ఆశీస్సులు.

బస్టాండులో టికెట్ల కౌంటర్ దగ్గర పొద్దస్తమానం కూర్చుని నడుము విరిగిపోతోందని రాశావు. ఏడో నెల కదా మరి. మావాడేమో లారీ వేసుకుని ఊళ్ళు పట్టి తిరుగుతుంటాడు, నీ బాధ చూసేదెవరు? అందుకే నా మోకాలి మాత్రలు ఒక అట్ట పంపిస్తున్నాను. నాలుగేళ్ళుగా రోజూ వేసుకుంటున్నాను. అవే లేకపోతే నా కుట్టుమిషన్ తొక్కేదెవరు! మొహమాటపడకుండా వేసుకో.

మీ అత్తయ్య

తా.క.: ఫోన్ మాత్రం చెయ్యకు, నా చెవుల సంగతి తెలుసుగా. మొన్న నువ్వు "నడుము నొప్పి" అంటే "తమ్ముడు తప్పిపోయాడు" అనుకుని పోలీసుల దాకా వెళ్ళబోయాను.

*

అత్తయ్యకి నమస్కారాలు.

మాత్రలు అందాయి. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి వేసుకున్నాను. నాకు నడుమొకటి ఉందన్న సంగతే మర్చిపోయాను! డాక్టరమ్మని అడుగుదామనుకున్నాను గానీ, మీరిచ్చాక ఇంకొకరిని అడగడమేమిటి? మరో అట్ట ఉంటే పంపండి.

మీ కోడలు

తా.క.: మా సూపర్‌వైజరు కూడా ఒకటి అడిగి పుచ్చుకున్నాడు. తలనొప్పట. ఇన్నాళ్ళూ తన తలనొప్పి నేనేననేవాడు.

*

పిచ్చితల్లీ,

ఇది చదివేటప్పుడు నీ చేతిలో ఆ మాత్ర ఉంటే ముందు కింద పారెయ్యి.

మందుల షాపులో ఇంకో అట్ట అడిగి, "మా పిల్లకి, ఏడో నెల" అన్నాను గొప్పగా. షాపు ఆవిడ అట్ట వెనక్కి లాక్కుంది. "ఏడో నెలలో ఇవా? బిడ్డ గుండెకి, కిడ్నీలకి ప్రమాదం, ఉమ్మనీరు తగ్గిపోతుంది! ఎవరిచ్చారమ్మా?" అని అరిచింది. ఆ అరుపు నాక్కూడా వినబడింది. అంతమందిలో "నేనే" అనడానికి నోరు రాక, "వాళ్ళ అత్తగారు" అన్నాను. "ఆవిడకి బుద్ధుందా?" అంది. లేదన్నాను.

ఇక మాత్ర అన్నది ముట్టుకోకు. ఒక్కటి కూడా!

మీ అత్తయ్య

తా.క.: మీ సూపర్‌వైజరు సంగతి అడగలేదు. ఆయనకి ఏడో నెల కాదు కదా.

*

అత్తయ్యకి నమస్కారాలు.

ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, మధ్యాహ్నానికల్లా అందుతుంది.

మీరు చెప్పినట్టే ఇంట్లో మాత్ర అన్నది లేకుండా చేశాను. మోకాలివి, రక్తం పట్టడానికి డాక్టరమ్మ ఇచ్చినవి, అన్నీ చెత్తబుట్టలోకే. మొన్నటినుంచి జ్వరం. నూట రెండు దాటింది. జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని వెంటనే రమ్మని ఆవిడ ముందే చెప్పారు. వేసుకోలేదు, తడిగుడ్డతో పడుకున్నాను. ఇవాళ పొద్దున్నుంచి లోపల కదలిక కూడా తగ్గింది. రోజూ తన్నులతో నన్ను లేపే బిడ్డని నేనే తట్టి పిలుస్తున్నాను. ఆ రెండు మాత్రల వల్లేనా అత్తయ్యా? ఆసుపత్రికి వెళ్తే వాటి సంగతి చెప్పాలి. భయంగా ఉంది.

మీ కోడలు

తా.క.: ఒకవేళ వెళ్ళినా, ఎవరిచ్చారో చెప్పనులెండి.

*

తల్లీ,

డ్రైవరుని ఆపి నిలబడే రాస్తున్నాను. ఇప్పుడే ఫోన్ చేశాను. ఎత్తావో లేదో, నువ్వేమన్నావో తెలీదు, నేను చెప్పాల్సింది మాత్రం అరిచేశాను. మళ్ళీ చెప్తున్నా. ఆసుపత్రికి పో. ఇప్పుడే. నాకోసం ఆగకు.

నీ ఉత్తరం పట్టుకెళ్ళి చూపిస్తే షాపు ఆవిడ నన్ను మళ్ళీ కడిగేసింది. "వద్దన్నది ఆ మోకాలి నొప్పి మాత్రలమ్మా, జ్వరాన్ని గాలికొదిలెయ్యమన్నానా? డాక్టరు చెప్పినట్టు పారాసెటమాల్ వేసుకోవచ్చు. జ్వరం ముదిరితే అదీ బిడ్డకి ముప్పే" అంది.

ఎవరిచ్చారని అడిగితే నేనేనని చెప్పు. గట్టిగా చెప్పు. మిషన్ కట్టిపెట్టి తర్వాతి బస్సుకి వస్తున్నాను.

అత్తయ్య

తా.క.: ఆ బుద్ధిలేని అత్తగారెవరో షాపు ఆవిడకి తెలిసిపోయింది.

*

అత్తయ్యకి నమస్కారాలు.

మీరు క్షేమంగా ఇల్లు చేరారని డ్రైవరు చెప్పాడు. జ్వరం మళ్ళీ రాలేదు. బిడ్డ ఎప్పటిలాగే తన్నుతోంది. డాక్టరమ్మ ఇవాళ మళ్ళీ స్కానింగ్ చేసి, ఉమ్మనీరు సరిపడా ఉందన్నారు. రెండు మాత్రలతో ఆగిపోవడం మంచిదైందట.

అసలు సంగతి వేరే ఉంది. ఆ రోజు ఆసుపత్రికొచ్చి మీరు ఆవిడ ముందు నిలబడి "తప్పు నాది, నన్ను తిట్టండి" అంటుంటే, ఆవిడ తిట్టకుండా మీ పాదాల వాపు చూశారు. పరీక్షకని రక్తం తీయించారు. మీకు వినబడక, అది నాకు ఎక్కించడానికే అనుకుని, రెండో చెయ్యి కూడా చాపారు.

ఆ రిపోర్టు వచ్చింది అత్తయ్యా. దెబ్బతిన్న కిడ్నీలు బిడ్డవి కావు. మీవి. నాలుగేళ్ళు రోజూ మింగిన ఆ మాత్రల వల్లే కావచ్చట. ఇప్పటికైనా ఆపేసి వైద్యం చేయించుకుంటే ఇంకా దెబ్బతినకుండా కాపాడుకోవచ్చన్నారు. మోకాలికి వేరే దారి చూస్తామన్నారు.

మీ అబ్బాయి లారీ మీ ఊరివైపు తిప్పాడు. మిషన్ మీద గుడ్డ కప్పేసి ఎక్కండి. ఇక్కడ నాకు మీరు, మీకు నేను.

మీ కోడలు

తా.క.: రానంటే ఈ పొట్టేసుకుని నేనే వస్తాను. వినబడలేదనడానికి వీల్లేదు, రాసి పంపిస్తున్నాను.