ఎర్ర దుమ్ములో వడియాలు

మిడ్‌లాండ్, ఆదివారం

ఏమండీ, ప్రభువు దయవల్ల నేనూ అమ్మాయీ బాగున్నాం. ఆడపిల్లకి నూనె బావుల దగ్గర ఉద్యోగమేంటని అలిగి, ఫోన్‌లో మన జోసఫిన్ పేరెత్తగానే కట్ చేస్తున్నారు కదా, అందుకే ఈ కార్డు.

ఇక్కడ కనుచూపు మేర ఇసుక, తలలూపే ఆయిల్ పంపులు, అంతే. ఈ ఎండ చూసి ఆశపుట్టి నిన్న పెరట్లో గుమ్మడి వడియాలు పెట్టాను. మధ్యాహ్నం నూనె బావి దగ్గర్నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. "మమ్మీ, డస్ట్ స్టార్మ్ వస్తోంది, అన్నీ లోపల పెట్టెయ్!" ఆకాశం నీలంగానే ఉందని నేను లెక్కచేయలేదు. కాసేపటికే పడమట ఎర్రటి గోడ లేచింది. వడియాలన్నీ ఇటుకపొడిలో దొర్లించినట్టయ్యాయి.

అక్కడ బావి దగ్గర మాత్రం అమ్మాయి ఆపమనగానే గడ్డాల మగాళ్లంతా పని ఆపి షెల్టర్‌లోకి వెళ్లారట. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. సాయంత్రం వాళ్ల సూపర్‌వైజర్ ఇంటికొచ్చి, టోపీ తీసి మరీ ఈ మాట నాకు చెప్పాడు. గర్వంతో అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

బీపీ మాత్ర వేసుకుంటున్నారా? ఫ్రీజర్‌లో పులుసు ఉంది. వచ్చేటప్పుడు అక్కడ మన ఇర్వింగ్‌లో ఇండియన్ షాపు నుంచి మినప్పప్పు తెండి, మళ్లీ పెడతాను.

అంతమంది వినే పిల్ల మాట విననిది మనిద్దరమే. నా మొండితనం వడియాలతో పోయింది. శనివారం కారు తీయండి, దారంతా ప్రభువు మీకు తోడుంటాడు.

మీ జ్ఞానమ్మ