అద్దె అన్నయ్య

యానాం, జూలై 13, ఆదివారం

పొద్దున్నే బాబాయి ఫోన్లో ఎవరిదో ఫొటో చూస్తూ, "అన్నయ్యా" అని పిలవడం ప్రాక్టీసు చేస్తున్నాడు. తన కిడ్నీ కొనేవాడికి సొంత తమ్ముణ్ణని, రక్తసంబంధీకులిస్తేనే ఒప్పుకునే డాక్టర్ల ముందు చెప్పమని బ్రోకర్ నేర్పాడట. అది విన్న నాన్న, తెడ్డు విరిగేదాకా బాబాయిని కొట్టాడు.

"నేను చచ్చిపోయాననుకున్నావేంట్రా?"

బాబాయి నెత్తురు ఉమ్మాడు. "కిడ్నీ నాది. పడవకి ఇంజను నువ్వు కొంటావేంటి?"

నాన్న మళ్ళీ కొట్టాడు.

ఎవరి ఒళ్ళు వాళ్ళ సొంతమని కాలేజీ డిబేట్లో నేనే వాదించాను. 'స్వాధికారం' అనే మాట ఎంత ఇష్టంగా పలికానో. సాయంత్రం బాబాయి వీపు మీది వాతలకి నూనె రాస్తుంటే, "రేపు మొదటి బస్సుకి వెళ్తన్నానే, మీ నాన్నకి చెప్పకు" అన్నాడు. ఆపే హక్కు నాకుందో లేదో...

పొద్దున్నే నేనూ ఆ బస్సెక్కుతాను. డాక్టరు అడిగితే, ఈయనకి అన్నయ్య మా నాన్నొక్కడేనని చెబుతాను.