నేను పంపని మెయిలు

మార్చి 24, సోమవారం. ఆదోని.

బ్రౌజర్ మళ్లీ బిగుసుకుపోయింది. నా బ్లాగులో జయన్న మీద ఏడో భాగం సగంలో ఆగింది. లైబ్రేరియన్‌గా పనిచేసినన్నాళ్లూ నేను ఊరంతా తిరిగి ఏరిన పత్తి మార్కెట్ కథల్ని తన పుస్తకంలో వేసుకుని, నా పేరు మింగేసిన మనిషి. ఒకప్పటి స్నేహితుడు. ఎమ్మిగనూరులో శాలువాలు కప్పించుకుంటున్నాడు. వదలను.

మార్చి 26.

ఏ సైటు తెరిచినా నోటిఫికేషన్లు పంపమంటారా అంటుంది. 'అలౌ' అన్న బటన్ నొక్కుతాను, లేకపోతే చదవనివ్వదేమోనని. ఇప్పుడు తెర మూలన రోజంతా కేకలే. కంప్యూటర్‌కు వైరస్ పట్టిందట, వెంటనే నొక్కాలట. కింద వాటాలో నెట్ సెంటర్ నడిపే వనజను అడిగాను. "కనబడిందల్లా నొక్కద్దు పెద్దాయనా. ఇంటికొచ్చినోళ్లకి తలుపు తియ్యవు, దొంగ సైట్లకి మాత్రం ఎదురెల్తావు" అంది. నోటి దురుసు పిల్ల.

సాయంత్రం ఇంకో కిటికీ తెరుచుకుంది. మెయిల్ మూతపడుతుందట, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలట. కొట్టాను.

మార్చి 30, ఉగాది.

పాస్‌వర్డ్ తప్పంటోంది మెయిల్. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువ పడింది.

మార్చి 31.

వనజ పైకి వచ్చి చూసింది. నేను పాస్‌వర్డ్ కొట్టింది మెయిల్ పేజీ కాదట, దాని వేషమట. అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ కాబట్టి బ్లాగు కూడా పోయింది. ఇరవై ఏళ్ల రాతలు. నా పగలన్నీ అందులోనే ఉన్నాయి.

అంతకన్నా ఘోరం ఇంకోటి. నా అడ్రస్ బుక్‌లో ఉన్న ప్రతివాడికీ నా పేరుతో మెయిల్ పోయింది. వనజకూ వచ్చింది, ఫోన్లో చూపించింది. "ఆస్పత్రిలో ఉన్నాను. నాకెవరూ లేరు. మీరే దిక్కు. దయచేసి సాయం చేయండి." చదువుతుంటే ఒళ్లు మండింది. నేను ఎవర్నీ మంచినీళ్లు కూడా అడగను. నన్నెరిగిన వాడెవడూ దీన్ని నమ్మడు. జయన్న అసలే నమ్మడు. అదొక్కటే ఊరట.

ఏప్రిల్ 1.

పొద్దున తలుపు తీస్తే జయన్న.

చొక్కా నిండా పిడకల పొడి, నుదుటి మీద బొప్పి, దాని మీద విభూతి. పండక్కి సొంతూరు కైరుప్పల పోయాడట. ఉగాది మర్నాడు అక్కడి ఆనవాయితీ ప్రకారం నిన్న రెండు వర్గాలూ పిడకలతో కొట్టుకుంటుంటే చూడబోయి మధ్యలో ఇరుక్కున్నాడట. రాత్రి మెయిల్ చూశాడట. తెల్లారగానే ఆటో పట్టుకుని ఆదోని చేరి, నాకోసం రెండు ఆస్పత్రులు వెతికి ఇక్కడికొచ్చాడు.

అది నేను రాసింది కాదన్నాను. నేనెప్పుడైనా ఎవర్నైనా బతిమాలానా, ఆ మాత్రం తెలియదా అని కసిరాను.

"తెలుసప్పా సుంకప్పా. తెలుసు కాబట్టే వచ్చినా. నువ్వు బతిమాలినావంటే ఇంక సచ్చిపోతాండావేమో అనుకున్యా."

కాఫీ పెట్టాను. చక్కెర తక్కువ వేశాను, వాడికి అలాగే ఇష్టం. పుస్తకంలో నా పేరెందుకు వేయలేదని అప్పుడడిగాను. నేనే తప్పులు దిద్దుతూ దిద్దుతూ అచ్చుకు ఒప్పుకోలేదని, చివరికి విసుగెత్తి తానట్లా చేశానని, అది తప్పేనని అన్నాడు. అని ఊరుకోడు కదా. "మా ఊళ్లో పిడకలతో కొట్టుకున్యాక ఇభూది పూసుకుని ఇండ్లకు పోతారు. నువ్వేందప్పా, ఇన్నేండ్లూ పిడక సేతిలోనే పట్టుకోని ఉండావు!"

ఇంతలో వనజ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత పాస్‌వర్డ్ చెబితే మెయిల్ వెనక్కి తేవచ్చంది. జయన్నను వంటింట్లోకి పొమ్మన్నాను. పోలేదు. చెప్పక తప్పలేదు. ఆ పిల్ల ఒక్కో అక్షరం పైకి పలుకుతూ కొట్టింది. వాడి పేరు. పక్కన మేం తొలిసారి కలిసిన సంవత్సరం.

జయన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"తిట్టుకోనీకి పెట్టుకున్యావా, తలుసుకోనీకి పెట్టుకున్యావా?" అన్నాడు జయన్న.

మర్చిపోనిది ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా అన్నాను.

ఏప్రిల్ 3.

మెయిల్, బ్లాగు దొరికాయి. కొత్త పాస్‌వర్డ్‌లో మనుషుల పేర్లు వద్దంది వనజ. ఏడో భాగం సగంలోనే వదిలేశాను.

రెండు రోజులుండి జయన్న ఈరోజు పోతూ జేబులోంచి పిడక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. వాడు మెట్లు దిగేదాకా ఆగి విసిరాను. భుజానికి తగిలింది. వెనక్కి తిరిగి, నవ్వుతూ, విభూతి పొట్లం పైకి విసిరాడు.