మన వీధికి వచ్చిన చెత్తబండి

తమ్ముడూ,

మన వీధికి చెత్తబండి కావాలని ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్ళు తిరిగావు! నువ్వు పోయాక, ఈ నెలలో ఎద్దులబండి వచ్చింది. ఆడవాళ్ళందరం తట్టలతో పరుగెత్తాం. ఇంటిముందు ఈగలు తగ్గాయి. నువ్వుంటే బండివాడికి టీ ఇప్పించేవాడివి.

నిన్న నీ సంవత్సరీకం. పూలు తీసుకొని సేలం రోడ్డు శ్మశానానికి వచ్చాను. అదే బండి నీ సమాధి పక్కన చెత్త దించుతోంది.

"ఈడ పోయొద్దన్నా, నా తమ్ముడుండాడు," అన్నాను.

"ఇంకేడ పోసేదక్కా? ఏ వీధోళ్ళూ ఒప్పుకోలా. ఆపీసోళ్ళు ఈ తావే చూపించినారు," అన్నాడు.

బండి ఆపమంటే ఆ చెత్త మళ్ళీ మన గుమ్మం ముందుకే వస్తుంది. సమాధి మీద పడిన బూడిద కొంగుతో తుడిచి, పూలు పెట్టి వచ్చేశాను.

ఈ ఉదయం బండి గంట మోగింది. ఏం చేయను తమ్ముడూ, నేనూ తట్ట తీసుకెళ్ళి పోశాను.