ఆరు నిమిషాల మౌన ప్రార్థన

సెప్టెంబర్ 1, ఆదివారం, మధ్యాహ్నం 2

ఈ రోజు చర్చిలో నిలబడి నిద్రపోయాను. ఎవరితోనూ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పాట అయ్యాక పాస్టర్ గారు నన్ను ప్రార్థన చేయమన్నారు. మైకు ముందు నిలబడి కళ్లు మూసుకున్నాను. రోగుల కోసం చేశాను. ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం చేశాను. అలసిపోయినవాళ్ల కోసం మొదలుపెట్టినట్టు గుర్తు. ఆ తర్వాత నుదురు మైకుకి తగిలి టక్కుమంది. ఆమెన్ అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. గడియారం చూస్తే ఆరు నిమిషాలు గడిచిపోయాయి. మా సంఘంలో ఆమెన్ వినపడేదాకా ఎవరూ కళ్లు తెరవరు. అదే నన్ను కాపాడింది.

బయటికొచ్చాక పాస్టరమ్మ గారు నా చేతులు పట్టుకుని, ఇంత లోతైన మౌన ప్రార్థన ఎప్పుడూ చూళ్లేదమ్మా అన్నారు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రిటైరైన పోస్టుమాన్ అంకుల్ నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లారు. నేను అంతా ప్రభువు కృప అన్నాను. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం 5

మా ఆయన దర్జీ. అబద్ధం కుట్లు ఇట్టే పట్టేస్తాడు. మైకులో వినపడ్డ ఆ ఊపిరి పక్కనే ఇరవై రెండేళ్లుగా పడుకుంటున్నాను, అది ప్రార్థన కాదు గురక ముందు వచ్చే రాగం అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

తర్వాత బస్సు గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది. నేను నడిపేది స్కూలు బస్సు. ముప్పై నలుగురు పిల్లలు.

సెప్టెంబర్ 2, సోమవారం, ఉదయం 5.20

రోజూ నాలుగున్నరకి చర్చిలో ప్రార్థన. తాళం తెరిచేది నేనే. బుధవారం స్త్రీల కూటం, శుక్రవారం ఉపవాసం, శనివారం పాటల ప్రాక్టీసు, ఆదివారం కుర్చీలు. ఎవరూ బలవంతం చేయలేదు. అడిగితే కాదనడం నాకు రాదు. మనం లేకపోతే సంఘం నడవదని లోపల కాస్త పొగరు కూడా ఉంది. రాస్తుంటే సిగ్గేస్తోంది.

కాఫీ మూడోది.

సెప్టెంబర్ 3, మంగళవారం

రెండో సిగ్నల్ దగ్గర వెనక బండివాడు హారన్ కొట్టాడు. నేను నిద్రపోలేదు. పోలేదనే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 4, బుధవారం

సూపర్‌వైజర్‌తో చెప్పేశాను. డిపోలో ఆయన్ని ట్యూబ్‌లైట్ అంటాం, ఏదైనా ఆలస్యంగా వెలుగుతుంది కాబట్టి. ఈసారి మాత్రం వెంటనే వెలిగింది. తాళంచెవి బల్ల మీద పెట్టించుకున్నాడు. నాలుగు వారాలు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత డాక్టరు సరే అని రాసిస్తేనే బస్సట, లేకపోతే ఆఫీసులో ఫైళ్లట. అప్పటిదాకా అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే పని.

పదకొండేళ్లుగా ఆ సీటు నాది. నా బదులు వచ్చిన పొడుగాటి డ్రైవరు దాన్ని సర్రున వెనక్కి జరిపాడు. ఏడుపొచ్చింది. టిఫిన్ బాక్సు మూత పెట్టే వంకతో మొహం తిప్పుకున్నాను.

సెప్టెంబర్ 6, శుక్రవారం

డాక్టరమ్మ అన్ని టెస్టులూ చేయించింది. రక్తం కాస్త తక్కువగా ఉంది, మిగతాదంతా బాగానే ఉందట. ఏడు గంటల నిద్ర, అరగంట నడక, పొద్దున్నే కడుపునిండా టిఫిను, మధ్యాహ్నం తర్వాత కాఫీ బంద్. ఏదైనా టానిక్ రాయండి అని అడిగాను. ఇదే టానిక్ అంది.

నిజం చెప్పాలంటే నిరాశపడ్డాను. ఏదో ఒక రోగం పేరు ఉంటే నలుగురిలో కాస్త మర్యాదగా ఉండేది.

సెప్టెంబర్ 8, ఆదివారం

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇకనుంచి ప్రతి ఆదివారం ఆరు నిమిషాలు మౌన ప్రార్థన, అక్కయ్య గారే నడిపిస్తారు అని పాస్టర్ గారు నన్ను చూపించి ప్రకటించారు. వచ్చేవారమే మొదలట.

అంతటితో అయిపోలేదు. పోస్టుమాన్ అంకుల్ లేచి సాక్ష్యం చెప్పారు. తొమ్మిదేళ్లుగా తమ్ముడితో మాటల్లేవట. పోయిన ఆదివారం ఆ మౌనం తర్వాత నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లి తలుపు కొట్టారట. ఇద్దరూ కలిసి భోంచేశారట.

ఇప్పుడు నిజం చెబితే ఆ భోజనం ఏమైపోతుంది? చెప్పకపోతే నేనేమైపోతాను?

సెప్టెంబర్ 9, సోమవారం

తొమ్మిదికే పడుకున్నాను. తెల్లవారుజామున చర్చి తాళం మా ఆయన వెళ్లి తీశాడు. చర్చి కూలిపోలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

ఏడు గంటల నిద్ర, వరసగా నాలుగో రోజు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నాకు రెండూ ఇప్పుడే తెలుస్తున్నాయి. పొద్దున పక్కింటి కుక్క కూడా ముద్దొచ్చింది.

సెప్టెంబర్ 13, శుక్రవారం, ఉదయం 7

సెలవు పెట్టి మా ఆయనతో నడకకి వెళ్లాను. ఎదురొచ్చిన ప్రతి మనిషి భుజం కుట్టూ చూస్తాడు, అడుగు ముందుకు పడదు. నేను వెనక నడుస్తూ ప్రభువా అన్నాను. అంతకంటే మాటలు రాలేదు. అది చాలనిపించింది. చెట్టు కింద పడుకుని నా వల్ల కాదు, చచ్చిపోతాను అన్న బైబిల్లోని ప్రవక్త గుర్తొచ్చాడు. దేవదూత వచ్చి అతన్ని తిట్టలేదు. లేపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ఈ సంగతి సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. నాకోసం ఒక్కసారీ వినలేదు.

ఎల్లుండి చెప్పేస్తాను.

సెప్టెంబర్ 15, ఆదివారం

చెప్పేశాను. మైకు పట్టుకుని, ఆ రోజు నేను ప్రార్థన చేయలేదు, నిద్రపోయాను, మీరు మెచ్చుకుంటే ఊరుకున్నాను, క్షమించండి అన్నాను. పిల్లల బస్సు సంగతి కూడా చెప్పాను.

పోస్టుమాన్ అంకుల్ వైపు చూడలేకపోయాను. ఆయనే ముందు లేచారు. నేనూ పడుకున్నానమ్మా అన్నారు. కళ్లు మూసుకోగానే కునుకు పట్టిందట. లేచేసరికి ఒళ్లు తేలికగా, మనసులో కోపం వెతికినా దొరకలేదట. తాను నిద్రపోతున్నప్పుడు దేవుడు పనిచేశాడని, అందులో నా తప్పేముందని అడిగారు.

తర్వాత పాటల అమ్మాయి చెయ్యెత్తింది. తర్వాత వెనక బెంచీ మొత్తం. చివరికి పాస్టరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ రోజు తన కళ్లు ఎర్రబడింది కూడా నిద్ర వల్లేనని ఒప్పుకున్నారు. చర్చి అంతా నవ్వింది. నేను ఏడ్చాను, నవ్వాను, రెండూ కలిసిపోయాయి.

పాస్టర్ గారు మాత్రం నవ్వలేదు. ఇంతమందిని ఇంత అలసిపోయేలా చేసింది తానేనన్నారు. పొద్దున్న ప్రార్థన ఇక శనివారం ఒక్కరోజే, అదీ ఆరింటికి. నా చేతిలోంచి చర్చి తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నారు. జేబు బరువుకి చొక్కా ఓ పక్కకి వంగిందని మా ఆయన ఇంటికొచ్చాక చెప్పాడు.

సెప్టెంబర్ 29, ఆదివారం

కుర్చీలు వేరేవాళ్లు వేశారు. వంకరగా వేశారు. నోరు మూసుకుని కూర్చున్నాను. ఇది నిద్రకంటే కష్టమైన అలవాటు.

అక్టోబర్ 4, శుక్రవారం

డాక్టరమ్మ సంతకం పెట్టింది. ట్యూబ్‌లైట్ ఆ కాగితం రెండుసార్లు చదివి, బస్సు తాళం నా వైపు జరిపాడు. సీటు మీరు లేక బోసిపోయిందండీ అన్నాడు. ఆయన నోట ఇంత మంచి మాట వినడం ఇదే మొదలు.

అక్టోబర్ 7, సోమవారం, ఉదయం 9

సీటు ముందుకు జరుపుకున్నాను. ముప్పై నలుగురు ఎక్కారు, ముప్పై నలుగురు దిగారు. దారి పొడుగునా కళ్లు తెరిచే ప్రార్థన చేశాను.