ఖాదరు కొట్టిన కుక్కబిళ్ళ

ఖాదర్ మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చదవవు కాబట్టి తప్పులు దిద్దుకోకుండా రాస్తున్నాను.

కొత్తగా ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాను. దాని మెడలో నువ్వు కిరసనాయిలు డబ్బా రేకుతో కొట్టిచ్చిన దొంగ లైసెన్సు బిళ్ళే కట్టాను. మన పాత కుక్క దాంతోనే కర్నూలంతా దర్జాగా తిరిగింది కదా.

పోయిన నెల, బిళ్ళలేని కుక్కల్ని పట్టుకుపోయే కుక్కలబండి మునెప్ప ఆ బిళ్ళను గోటితో గీకి చూశాడు.

"ఏమప్పా, ఇంకా ఖాదరు సాయిబు రేకేనా? ఆయన మొగం చూసి ఇన్నేండ్లు ఊరుకుంటి. కొత్త ఆఫీసరు శానా గట్టోడు. వచ్చే నెలకు అసలుది లేకుంటే కుక్కను బండెక్కిస్తా."

వాడికి అన్నేళ్ళుగా తెలుసట మామా. మనమేమో వాణ్ణి వెర్రివాణ్ణి చేశామని నవ్వుకున్నాం.

మునిసిపాలిటీ బిళ్ళకు రూపాయి, పశువుల ఆసుపత్రిలో పిచ్చిరోగం సూదికి అర్ధరూపాయి. నెలంతా బీడీలు, హోటలు కాఫీ మానేశాను.

"పిచ్చి పట్టినట్టుండావు, ఆ సూదేదో నువ్వూ ఏపించుకో" అంది నా పెండ్లాం.

ఈరోజు మునెప్ప అసలు బిళ్ళ చూసి, కుక్క తల నిమిరి వెళ్ళిపోయాడు. నాకు ప్రాణం కుదుటపడింది.

నీ రేకు బిళ్ళను నా మొలతాడుకు కట్టుకున్నాను. నన్ను నీ దగ్గరికి ఎక్కించుకుపోయే బండి వచ్చినప్పుడు చూపిస్తాను. ఆ బండివాడు గోటితో గీకకుంటే చాలు.

ఓబులేసు